ఎలక్ట్రిక్ షవర్‌కి 4 ఎంఎం వైరా, 6 ఎంఎం వైరా?

తిరుపతి బైరాగిపట్టెడలో మాది పదిహేనేళ్ల నాటి ఇల్లు, సింగిల్ ఫేజ్. పోయిన నెల 4.5 కిలోవాట్ల ఎలక్ట్రిక్ షవర్ పెట్టించాం. పాత గీజర్ లైనే, 2.5 ఎంఎం రాగి వైరు, 16 ఆంప్స్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే కరెంటు ఆపేసే స్విచ్). ఒకరు స్నానం చేస్తే ఏమీ కాదు, వెంటనే ఇంకొకరు వెళ్తే మాత్రం సరిగ్గా ఒళ్లంతా సబ్బు రాసుకున్నాక ట్రిప్ అవుతుంది. ఎంసీబీ కొత్తది వేశాం, అదే తంతు. ప్లగ్ విప్పి చూస్తే ఒక పిన్ను నల్లగా మాడి ఉంది, సాకెట్ పక్క కొంచెం కరిగింది. అప్పటినుంచి వాడటం మానేశాం.

లెక్కేస్తే 230 వోల్టులకి దాదాపు 20 ఆంప్స్ లాగుతోంది. వచ్చిన ఎలక్ట్రీషియన్ అదే వైరుకి 32 ఆంప్స్ ఎంసీబీ వేస్తే సరిపోతుందన్నాడు, అప్పుడు ఎంసీబీ పడకముందే వైరు కాలదా అని నాకు టెన్షన్, వద్దన్నాను. డీబీ (ఎంసీబీలుండే బోర్డు) నుంచి బాత్రూమ్‌కి గోడలోని పైపు గుండా 18 మీటర్లు. సాకెట్ తీసేసి డీపీ స్విచ్ (ఫేజ్, న్యూట్రల్ రెండూ ఆపేది), విడిగా 25 ఆంప్స్ ఎంసీబీ, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసేది), కొత్త ఎర్త్ వైరు అనుకుంటున్నా. మీటరు లోడు 3 కిలోవాట్లే, అది పెంచడానికి అప్లై చేశా.

ఈ దూరానికి, ఈ లోడుకి 4 ఎంఎం రాగి వైరు చాలా, 6 ఎంఎం లాగించాలా?