సింథటిక్ ప్రోటీన్‌లో జింక్ పెట్టి ఏం సాధించినట్టు? (ఎమ్మెస్సీ సెమినార్ డౌట్)

జింక్‌పిల్ల:
ఎమ్మెస్సీ ఇనార్గానిక్ ఫైనలియర్. సెమినార్‌కి మిషిగన్ యూనివర్సిటీ విన్సెంట్ పెకొరారో గారి పని తీసుకున్నాను, ముఖ్యంగా 2012లో నేచర్ కెమిస్ట్రీలో వచ్చిన పేపర్. చిన్న పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు) తయారుచేసి, అందులో ఒకచోట పాదరసం, ఇంకోచోట జింక్ కూర్చోబెట్టి, కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ (కార్బన్ డయాక్సైడ్‌ని నీళ్లతో కలిపి బైకార్బొనేట్‌గా మార్చే ఎంజైమ్) చేసే పని చేయించారు. చదువుతుంటే అర్థమవుతోంది కానీ ఎందుకు చేశారో బుర్రకెక్కట్లేదు. ఆ ఎంజైమ్ మన రక్తంలో ఉండనే ఉంది కదా, పైగా వీళ్లది దానికంటే వంద రెట్లు తక్కువ అని వాళ్లే రాసుకున్నారు. పాదరసం విషం, మరి అదెందుకు? ఎవరో ఒకరు ఇదే అడుగుతారని టెన్షన్‌గా ఉంది.

పెప్టైడ్_పిచ్చోడు:
ఆ వంద రెట్లు దేనికో ముందు చూసుకోండి. పారా నైట్రోఫినైల్ అసిటేట్ అనే ఎస్టర్‌ని విడగొట్టడంలో మనిషి కార్బోనిక్ అన్‌హైడ్రేజ్ 2 కంటే సుమారు 100 రెట్లు తక్కువ, అసలు పనైన కార్బన్ డయాక్సైడ్ విషయంలో సుమారు 500 రెట్లు తక్కువ. అదే పేపర్‌లో ఇంకో అంకె ఉంది, అందరూ దాటేసేది: ప్రోటీన్ లేకుండా మామూలు లిగాండ్లతో (లోహాన్ని పట్టుకునే చిన్న అణువులతో) చేసిన ఇలాంటి కాంప్లెక్సుల కంటే ఎస్టర్ మీద ఇది కనీసం 550 రెట్లు మెరుగు.

ఇప్పుడు ప్రోటీన్ చూడండి. అసలు ఎంజైమ్‌లో దాదాపు 260 అమైనో ఆమ్లాలు, మడత ఎక్కువగా బీటా షీట్ (పక్కపక్కనే పరిచిన పట్టీల్లా). వీళ్లు ట్రై (TRI) అని పేరు పెట్టిన పెప్టైడ్‌లో గొలుసుకి 30 అమైనో ఆమ్లాలు, అందులో ఏడేసి అమైనో ఆమ్లాల ముక్క నాలుగుసార్లు రిపీట్, అంతా ఆల్ఫా హీలిక్స్ (స్ప్రింగులా చుట్టుకున్న మడత). అలాంటివి మూడు కలిసి మూడు పాయల జడలా మెలిపడతాయి, లూసీన్లన్నీ లోపలికి దాక్కుంటాయి. 23వ చోట లూసీన్ తీసి హిస్టిడీన్ పెడితే మూడు గొలుసుల నుంచి మూడు హిస్టిడీన్లు ఎదురెదురుగా వచ్చి జింక్‌ని పట్టుకుంటాయి, దాని మీద ఒక నీటి అణువు. అసలు ఎంజైమ్‌లోనూ జింక్ చుట్టూ ఉండేది ఇదే. మడతలో ఏ పోలికా లేకపోయినా పని జరిగిందంటే మూడు హిస్టిడీన్లు, జింక్, నీళ్లు, చుట్టూ నూనెలాంటి లోపలి భాగం, వీటితోనే చాలా దూరం రావచ్చని తేలింది. మిగిలిన ఆ 500 రెట్లు ఎక్కడున్నాయి అన్నదే అసలు ప్రశ్న. ప్రకృతి దగ్గర త్రియొనిన్ 199 ఉంది, జింక్ మీది హైడ్రాక్సైడ్‌ని సరైన దిశలో తిప్పి పట్టుకుంటుంది. హిస్టిడీన్ 64 ప్రోటాన్‌ని బయటికి చేరవేస్తుంది. వీళ్ల జడలో ఆ ఇద్దరూ లేరు. సహజ ఎంజైమ్‌ని ఎంత కెలికినా ఇంత విడివిడిగా లెక్క తేలదు.

పాదరసం సంగతి: 9వ చోట సిస్టీన్లు పెట్టారు, మూడు సల్ఫర్లు పాదరసాన్ని వదలకుండా పట్టుకుని జడని గట్టిగా ఉంచుతాయి. దాని పని అంతే, రియాక్షన్‌లో వేలు పెట్టదు. అసలు ఈ గ్రూప్ మొదలైందే పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం, సీసం సల్ఫర్ మధ్య ఎలా కూర్చుంటాయో చూడటంతో. సీసం విషమయ్యేది కూడా ఇలాగే, హీమ్ తయారీలో పనిచేసే ఆలాడ్ ఎంజైమ్‌లో జింక్‌ని మూడు సిస్టీన్లు పట్టుకునే చోటులో సీసం వచ్చి కూర్చుంటుంది.

జీడిమెట్ల_ప్రాసెస్:
సైన్స్‌గా బాగుంది, కాదనను. రియాక్టర్ దగ్గర నిలబడేవాడికి మాత్రం 30 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ని సాలిడ్ ఫేజ్‌లో కట్టి, హెచ్‌పీఎల్‌సీలో శుద్ధి చేసి, అందులో పాదరసం అంటే ఆడిట్ వాళ్లు గేటు కూడా దాటనివ్వరు. మాకు పనికొచ్చే లైన్ వేరే ఉంది. 1978లో విల్సన్, వైట్‌సైడ్స్ బయోటిన్ అనే విటమిన్‌కి రోడియం కాంప్లెక్స్ తగిలించి, బయోటిన్‌ని గట్టిగా పట్టుకునే అవిడిన్ ప్రోటీన్‌లో దింపి హైడ్రోజినేషన్ చేశారు, కుడి, ఎడమ చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో బొమ్మలైన రెండు రూపాల్లో ఒకటి రెండోదానికంటే ఎక్కువ వచ్చింది, సుమారు 40 శాతం ఈఈ (ఆ రెండు రూపాల శాతాల మధ్య తేడా). ఆ దారినే తర్వాత బాసెల్‌లో థామస్ వార్డ్ అవిడిన్ లాంటిదే అయిన స్ట్రెప్టావిడిన్‌తో బాగా ముందుకు తీసుకెళ్లారు. కైరల్ మందులు (ఆ రెండు రూపాల్లో ఒక్కటే కావాల్సినవి) చేసేవాళ్లం చూసేది అది. సెమినార్‌లో అప్లికేషన్ స్లైడ్ అడిగితే ఇది పెట్టండి.

పెప్టైడ్_పిచ్చోడు:
అన్నా, వార్డ్ వాళ్లది రెడీమేడ్ ప్రోటీన్, జేబులో కాంప్లెక్స్ పెట్టడం. పెకొరారో వాళ్లది ప్రోటీన్‌నే సున్నా నుంచి రాయడం. రెండూ ఒకే స్లైడ్‌లో పెడితే ఎగ్జామినర్ పట్టుకుంటారు.

రిటైర్డ్_లెక్చరర్:
అమ్మా, నేనైతే నిన్ను ఒక్కటే అడిగేవాణ్ణి. జింక్ టూకి (Zn²⁺) రంగు లేదు, డీ10, అంటే డీ ఆర్బిటాళ్లు పూర్తిగా నిండిపోయాయి, మామూలు యూవీలో ఏమీ కనబడదు. మరి అది లోపల కూర్చుందని ఎలా తెలిసింది? దీనికి సిద్ధంగా ఉండు. హీలిక్స్ కట్టిందా లేదా అన్నది సీడీలో (సర్క్యులర్ డైక్రోయిజం స్పెక్ట్రంలో) 208, 222 నానోమీటర్ల దగ్గర తెలుస్తుంది. పాదరసం మూడు సల్ఫర్లతో ఉంటే యూవీలో 247 దగ్గర బ్యాండ్ వస్తుంది. దగ్గరి పెప్టైడ్‌తో క్రిస్టల్ స్ట్రక్చర్ కూడా వాళ్లు చూపించారు, ఆ బొమ్మ తప్పకుండా పెట్టు. జింక్ బదులు కోబాల్ట్ పెట్టి రంగు చూసి జామెట్రీ ఊహించడం ఈ రంగంలో పాత పద్ధతి, అదీ ఒక మాట చెప్పు. నీటి పీకేఏ (ప్రోటాన్‌ని ఎంత తేలిగ్గా వదులుతుందో చెప్పే అంకె, తక్కువైతే అంత తేలిక) మాత్రం మరిచిపోవద్దు. మామూలు నీళ్లకి 15.7, ఎంజైమ్‌లో జింక్‌కి తగులుకున్నాక సుమారు 7. బోర్డు మీద ఆ రెండు అంకెలు రాస్తే సగం సెమినార్ అయిపోయినట్టే.

జింక్‌పిల్ల:
థాంక్యూ సార్, అన్నలిద్దరికీ కూడా. త్రియొనిన్ 199 పాయింట్ నాకు ఎక్కడా తట్టలేదు. చివరిగా ఒకటి, 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం ప్రోటీన్ డిజైన్‌కే డేవిడ్ బేకర్‌కి వచ్చింది కదా, ఇప్పుడు కంప్యూటరే అంతా చేస్తుంటే ఇది పాతబడిపోయిందా అని అడిగితే?

పెప్టైడ్_పిచ్చోడు:
మడతని కంప్యూటర్ బాగా రాస్తుంది, నిజమే. జింక్ నాలుగో చేతికి నీళ్లు పట్టుకుంటుందా, పక్కనున్న గ్లుటమేట్‌ని లాక్కుంటుందా అన్నది ఇప్పటికీ ట్యూబ్‌లో చూసుకోవాల్సిందే. అంతవరకే చెప్పి ఆపండి, ఆ చర్చలోకి దిగితే మీ టైమంతా అక్కడే అయిపోతుంది.