బండి బంద్ అయింది, ఇగ బస్సే: కాజీపేట నుంచి వరంగల్ రోజూ పోయేటోళ్లు చెప్పండి

ఫాతిమానగర్ వాసి
నడుం నొప్పి ముదిరింది, కొన్ని నెలలు బండి ముట్టొద్దని డాక్టర్ గట్టిగ చెప్పిండు. నా పని వరంగల్ చౌరస్తా కాడ. బస్సంటే నాకు మొదటి నుంచి ఇష్టం లేదు, ఇప్పుడు తప్పక ఎక్కుతున్న. ఎక్కినంక పెద్ద ఇబ్బంది లేదు. సుబేదారి, అదాలత్, హన్మకొండ చౌరస్తా, ములుగు రోడ్డు, ఎంజీఎం దాటుకుంట పోతది, ట్రాఫిక్‌ల క్లచ్ నొక్కే బాధ లేదు. నన్ను సతాయించేది ఎదురుచూసుడే. ఒక్కోసారి రెండు బస్సులు ఒకదాని ఎనుక ఒకటి వస్తయ్, తర్వాత ఎంతసేపటికీ ఒక్కటి రాదు. స్టాపు కాడ టైం రాసి ఉండదు. ఆఫీసుకు ఏ టైంకు చేరుతనో ఇంట్ల చెప్పలేక పోతున్న. సాయంత్రం ఎంజీఎం కాడ ఎక్కుదామంటే పేషెంట్ల ఎంట వచ్చినోళ్లు సంచులు, టిఫిన్ డబ్బాలతోని నిలబడి ఉంటరు. వాళ్లను నెట్టి ఎక్కబుద్ధి కాదు. మీరెట్ల చేస్తున్నరు?

ల్యాబ్ చెల్లె
అన్నా, సాయంత్రం ఎంజీఎం కాడ నిలబడకు. ఎనుకకు నడిచి వరంగల్ బస్టాండుకు పో, అక్కడ ఖాళీ బస్సు దొరుకుతది. నడుం నొప్పి కాబట్టి ఎనుక సీట్ల కూసోకు, గుంతల కాడ ఎత్తేస్తది. నడిమి సీట్లు చూసుకో.

నా సంగతి చెప్త. 2023 డిసెంబర్ 9న ఆడోళ్లకు ఫ్రీ బస్సు ఇచ్చే మహాలక్ష్మి మొదలుకాక ముందు నా జీతంల మంచి భాగం ఆటోలకే పోయేది. ఇప్పుడు ఆ పైసలు మా పాప ఫీజుకు పోతున్నయ్. కొందరు ఆడోళ్లు ఫ్రీయే కదా అని టికెట్ తీసుకోరు. అట్ల చేయొద్దు. జీరో టికెట్ల లెక్క మీదనే సర్కారు ఆర్టీసీకి పైసలు కడ్తది. మనం టికెట్ తీసుకుంటేనే ఈ రూట్ల ఇంతమంది పోతున్నరని రికార్డు అయితది, రేపు బస్సులు పెంచమని అడగనీకి అదే ఆధారం. ఆధార్ మాత్రం దగ్గర పెట్టుకోవాలె. ఈ ఫ్రీ టికెట్ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల చెల్లుతది, డీలక్స్, సూపర్ లగ్జరీలకు చెల్లదు.

రైల్వే కాలనీ పెద్దమనిషి
తమ్మీ, రైలు సంగతి ఆలోచించినవా? కాజీపేట, వరంగల్ నడుమ దూరం పది కిలోమీటర్లే, నెల పాసు దొరుకుతది. నీ పని స్టేషన్‌కు దగ్గరనే ఉన్నది, కానీ ఫాతిమానగర్ నుంచి జంక్షన్‌కు రావాలె, అదొక్కటి చూసుకో. పాసు పెట్టుకొని రిజర్వేషన్ బోగీ ఎక్కొద్దు, ఫైన్ పడ్తది. సూపర్‌ఫాస్ట్ అయితే వేరే చార్జీ ఉంటది. ఇంకో సంగతి, విజయవాడ దిక్కు నుంచి వచ్చి బల్లార్షా పోయే రైళ్లల్ల కొన్ని వరంగల్‌ల ఆగుతయ్, కాజీపేటల ఆగవు. టైంటేబుల్ చూడకుండ సాయంత్రం ఏ బండి పడితే ఆ బండి ఎక్కకు.

కేయూ స్టూడెంట్
షేర్ ఆటో గురించి ఎవ్వరు చెప్పలేదు. ఆటో నిండితేనే కదుల్తది, అందుకే దానికి కూడ టైం ఉండదు. డ్రైవర్ పక్కన అంచు మీద కూసోబెడ్తరు, నడుం నొప్పి ఉన్నోళ్లు అక్కడ అస్సలు కూసోవద్దు. ఎనుక సీటు ఉంటేనే ఎక్కండి, లేకుంటే ఇంకో ఆటో చూడండి. వానకాలం మాది నయీంనగర్ దిక్కు కాబట్టి భయం ఎక్కువ. 2023 జూలైల నాలా పొంగినప్పుడు రోడ్డు మీద నీళ్లు పారినయ్, ఆటో, బస్సు ఏదీ కదల్లే. పెద్ద వాన పడ్డ రోజు ఇంటికి పోయే తొవ్వ ముందే అడిగి తెలుసుకోండి.

ఫాతిమానగర్ వాసి
అందరికి చాలా థాంక్స్. చెల్లె చెప్పినట్టు బస్టాండుకు నడిచి ఎక్కుతున్న, సీటు దొరుకుతున్నది. జనగామ దిక్కు పోయే బస్సులు కూడ హన్మకొండ నుంచి కాజీపేట మీదికెళ్లే పోతయ్ కదా, సిటీ బస్సు కోసమే చూడకుండ వాటిని కూడ అడుగుతున్న. రైలు మాత్రం నాకు కుదరది పెద్దాయనా, జంక్షన్ కాడికి మళ్ల ఆటో కావాలె.

బండి మళ్ల నడపొచ్చని డాక్టర్ చెప్పినా పొద్దున పూట బస్సులనే పోదామనుకుంటున్న. కానీ టైం బోర్డు కావాలె. ఎనిమిది నుంచి పది దాకా ఏ బస్సు ఎప్పుడొస్తదో స్టాపు గోడ మీద పెయింట్‌తోని రాసినా చాలు. మన మూడు ఊర్ల నడుమ రోజూ ఇంతమంది తిరుగుతున్నరు, అందరం సంతకాలు పెట్టి ఒక కాయితం ఇద్దామా?

ల్యాబ్ చెల్లె
నేను పెడ్త అన్నా. మా ల్యాబోళ్లతోని కూడ పెట్టిస్త. అండ్ల మేడారం జాతర సంగతి కూడ రాయి. రెండేండ్లకోసారి ఆ వారం బస్సులన్నీ అటే పోతయ్, డ్యూటీకి పోయేటోళ్లకు పొద్దున కొన్ని బస్సులన్న ఉంచమని అడుగు.