షోలే ఐదేళ్ళా, డీడీఎల్‌జే ముప్పై ఏళ్ళా? అసలు సినిమా ‘ఆడింది’ అని ఎప్పుడు అనాలి?

రీలుపెట్టె

ఎక్కడ చూసినా ఒకటే మాట: మన దేశంలో ఒకే థియేటర్లో అత్యధిక కాలం ఆడిన సినిమా దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే (డీడీఎల్‌జే). 1995 అక్టోబర్ 20న విడుదలైంది. ముంబయి మరాఠా మందిర్‌లో 2014 డిసెంబర్ 12కు వెయ్యి వారాలు నిండాయి. కరోనా కాలంలో హాళ్ళు మూతపడ్డ నెలలు తప్ప ఆ తర్వాతా ఆడుతూనే వచ్చింది. ఇంతవరకు నాకు తగాదా లేదు.

కానీ ఆడేది రోజుకు ఒక్క ఆట, ఉదయం పదకొండున్నరకు. మిగతా ఆటలన్నీ కొత్త సినిమాలవే. మరోవైపు షోలే ఉంది. 1975 ఆగస్టు 15న అదే ఊళ్ళో మినర్వాలో పడి, మూడేళ్ళు రోజంతా అన్ని ఆటలూ ఆడి, తర్వాత రెండేళ్ళు మ్యాటినీగా నడిచింది. మొత్తం ఐదేళ్ళు. పదిహేను వందల సీట్ల హాలది. నా దృష్టిలో రికార్డంటే అది. ఒక్క ఆటను ముప్పై ఏళ్ళు సాగదీయడం రికార్డు కాదు, అలవాటు. మీరేమంటారు?

నేల టికెట్

గుళ్ళో నిత్య దీపారాధనను జాతరతో పోలుస్తున్నారు మీరు. రెండిటికీ పూజారి ఒకడే కావచ్చు కానీ, జనం వేరు.

లెక్కల మాస్టారు

రీలుపెట్టె గారితో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తూ, అంకెలతో బలపరుద్దామని కూర్చున్నాను. షోలే మూడేళ్ళు రోజుకు మూడు ఆటల చొప్పున అనుకుందాం: 3,285 ఆటలు. రెండేళ్ళ మ్యాటినీలు 730. మొత్తం 4,015. డీడీఎల్‌జే, వెయ్యి వారాల వరకే చూసినా ఏడు వేల రోజులు. రోజుకు ఒక్కటే అనుకున్నా ఏడు వేల ఆటలు.

సీట్లు చూద్దామని మళ్ళీ మొదలుపెట్టాను. 4,015ను 1,500తో గుణిస్తే అరవై లక్షల పైచిలుకు. మరాఠా మందిర్‌కు వెయ్యి సీట్లు వేసుకున్నా డెబ్బై లక్షలు. నా లెక్కే నన్ను ఓడించింది. ఏకీభావం ప్రస్తుతానికి వెనక్కి తీసుకుంటున్నాను.

రీలుపెట్టె

మాస్టారూ, సీట్లను గుణించారు, మనుషులను కాదు. షోలేకు ఆ సీట్లలో మనుషులున్నారు. 240వ వారంలోనూ హాలు నిండిందని చెప్పుకుంటారు. మరాఠా మందిర్‌లో డీడీఎల్‌జేకు 2015లో ఏమైందో మీకు తెలిసిందే. జనం రావడం లేదని యాజమాన్యమే సినిమా ఎత్తేయాలని నిర్ణయించి, ఫిబ్రవరి 19 చివరి ఆట అని ప్రకటించింది. ఎత్తేయవద్దని జనం గోల చేస్తే మళ్ళీ వేశారు. గోల చేసినవాళ్ళలో ఎంతమంది టికెట్టు కొన్నారన్నది వేరే విషయం.

కామాఠీపుర కుర్రాడు

పేరుకే కుర్రాడిని, యాభై దాటాయి. మా తాత కరీంనగర్ వైపు నుంచి ముంబయికి కూలి పనికి వచ్చినవాడు. కామాఠీపుర అన్న పేరే మన తెలుగు కామాఠీల వల్ల వచ్చింది. అక్కడి నుంచి మరాఠా మందిర్‌కు నడిచే వెళ్ళవచ్చు. అందుకని నాకూ ఒక మాట హక్కుంది.

ఆ హాలు ఎక్కడుందో చూడకుండా అందులో ఆడే సినిమా గురించి మాట్లాడకండి. ఎదురుగా ముంబయి సెంట్రల్ రైల్వే స్టేషను, పక్కనే రాష్ట్ర రవాణా సంస్థ బస్సుల డిపో. ఊరి నుంచి వచ్చి దిగినవాడికి సాయంత్రం దాకా వెళ్ళే చోటు ఉండదు. చేతిలో సంచీ, బయట ఎండ. హోటల్ గదికి వందలు పెట్టలేడు. ఇక్కడ వెయ్యి వారాల సంబరాల నాటికి కూడా టికెట్టు ఇరవై రూపాయలు దాటలేదు. మూడు గంటలకు పైగా చల్లగా కూర్చోవచ్చు, కునుకు తీయవచ్చు. పక్క సీట్లో కాలేజీ మానేసి వచ్చిన జంట. వెనక వరుసలో ప్రతి మాటా నటుల కంటే ముందే చెప్పే ఒక పెద్దమనిషి. ఆయన ఇంకా వస్తున్నాడో లేదో తెలియదు.

మామూలు రోజుల్లో చాలా కుర్చీలు ఖాళీగానే ఉంటాయి, ఒప్పుకుంటాను. ఆదివారం సంగతి వేరు.

ఇంకో మాట. 1960 ఆగస్టు 5న మొఘల్-ఎ-ఆజం మొదటి ఆట పడింది కూడా ఈ హాల్లోనే. ఏనుగు మీద ప్రింటు తెచ్చారని మా తాత చెప్పేవాడు. తర్వాత పుస్తకాల్లో చదివితే నిజమే అని తేలింది. హాలు కట్టి అప్పటికి రెండేళ్ళు. ఆ సినిమా అక్కడ మూడేళ్ళు ఆడింది. అంటే జాతరా ఈ గుడే చూసింది, దీపారాధనా ఈ గుడే చూసింది. నేల టికెట్ గారు అన్నది అందుకే నచ్చింది.

బెజవాడ బెంచీ

ముప్పై రెండేళ్ళు బుకింగులో కూర్చుని రిటైరయినవాణ్ణి. ఏ ఊరు, ఏ హాలు అని అడగకండి.

మీరందరూ రోజులు లెక్కపెడుతున్నారు. రోజులు ఎలా తయారవుతాయో చెబుతాను. సినిమాను హాలుకు ఇచ్చే పద్ధతులు ప్రధానంగా రెండు. ఒకటి షేరు, అంటే వచ్చిన దానిలో ఇంత పాలు. రెండోది అద్దె. వారానికి ఇంతని హాలు యజమానికి కట్టేస్తే, లోపల పది మందున్నా వెయ్యి మందున్నా అతనికి ఒకటే. షేరు మీద ఆడే సినిమాకు హోల్డోవర్ అని ఒక గీత ఉంటుంది. వారం కలెక్షను ఆ గీత కిందికి దిగితే సినిమా ఎత్తేసే హక్కు హాలువాడిది. అద్దె మీద ఆడే సినిమాకు ఆ గీతే లేదు. కాబట్టి ఎవరైనా ‘మా సినిమా వంద రోజులు’ అంటే నేను అడిగేది ఒకటే: షేరు మీదా, అద్దె మీదా?

నేను చూసిన ఒక శతదినోత్సవం చెబుతాను. డెబ్బయ్యో రోజుకే సినిమా అయిపోయింది. అభిమానులు చందాలు వేసుకుని రోజూ టికెట్లు కొన్నారు. టికెట్లు తెగాయి, మనుషులు రాలేదు. పంకాల కింద ఏడెనిమిది మంది, అందులో ఇద్దరు మా గేటు మనిషి చుట్టాలు. వందో రోజున మాత్రం వీధి వీధంతా తోరణాలు, పాలాభిషేకం. కటౌటు మీది పాలు కారి మా బుకింగు కిటికీలో పడ్డాయి.

ఎనభైల్లో శ్లాబు పన్ను వచ్చాక ఇది మరీ సులువైంది. అంతకుముందు టికెట్టుకింత పన్ను. అధికారి ఎప్పుడు వచ్చి తనిఖీ చేస్తాడో తెలియదు కనుక రోజువారీ కలెక్షను కాగితం పక్కాగా ఉండేది. శ్లాబులో హాలు సామర్థ్యాన్ని బట్టి ఇంత అని కట్టేయడమే. లోపల ఎంతమంది కూర్చున్నారో లెక్క అడిగే నాథుడు లేడు. ఆ తర్వాతి రోజుల లెక్కలు ఎవరు చెప్పినా నేను సగం చెవితోనే వింటాను.

ఇక షిఫ్టింగ్. పెద్ద హాల్లో ఏడు వారాలు ఆడి, అక్కడ కొత్త సినిమా పడగానే వెనక వీధిలో చిన్న హాలుకు మార్చి, యాభయ్యో రోజు అంటూ లెక్క కొనసాగిస్తారు. మా రోజుల్లో పోస్టరు మీద ‘షిఫ్టుతో’ అని చిన్న అక్షరాల్లోనైనా వేసేవాళ్ళు. మర్యాద ఉండేది.

రీలుపెట్టె

బెంచీ గారూ, మీరు నా వాదనకే బలం ఇచ్చారు. ప్రొద్దుటూరులో లెజెండ్ వెయ్యి రోజులు దాటిందని పండగ చేసినప్పుడు బయటివాళ్ళు నవ్వారు. అక్కడ నవ్వినవాళ్ళే మరాఠా మందిర్ దగ్గరకు వచ్చేసరికి చేతులు జోడిస్తారు. ముంబయిలో జరిగితే చరిత్ర, కడప జిల్లాలో జరిగితే పిచ్చా?

బెజవాడ బెంచీ

ఆ మాట మాత్రం ఒప్పుకున్నాను.

నేల టికెట్

నేనూ ఒప్పుకున్నాను. ఆ రోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

సఫైర్ మెట్లు

మద్రాసు నుంచి రాస్తున్నాను. మౌంట్ రోడ్డులో 1964లో సఫైర్, బ్లూ డైమండ్, ఎమరాల్డ్ అని ఒకే ప్రాంగణంలో మూడు తెరలు వచ్చాయి. మల్టీప్లెక్స్ అన్న మాట మనవాళ్ళ నోట పలకక ముందే. ఇప్పుడు అక్కడ ఆ మెట్లు కూడా లేవు.

1978లో మరోచరిత్ర సఫైర్‌లో ఏడాదికి పైగా ఆడింది. తెలుగులోనే, తమిళంలోకి డబ్బింగు చేయకుండానే, అదీ నలుపు తెలుపుల్లో. సినిమాలోని జంటలాగే ఒకరి భాష ఒకరికి రానివాళ్ళు పక్కపక్కన కూర్చుని చూశారు. అక్కడ అభిమాన సంఘం చందాలూ లేవు, కటౌటు పాలూ లేవు. భాష రాని ఊళ్ళో ఒక్క హాలు, సొంత ఊళ్ళో పది హాళ్ళతో సమానమని నేనంటాను. దీనికి మాస్టారి దగ్గర గుణకారం ఉందా?

పనిలో పనిగా ఒక చిక్కుముడి. బ్లూ డైమండ్‌లో ఆటలు ఆగకుండా పొద్దుటి నుంచి రాత్రి దాకా నడిచేవి. ఎప్పుడైనా లోపలికి వెళ్ళవచ్చు, మధ్యలోంచి మొదలుపెట్టి మళ్ళీ మధ్య దాకా చూసి రావచ్చు. అక్కడ ‘ఒక ఆట’ అంటే ఏది?

లెక్కల మాస్టారు

భాషకు గుణకం నా దగ్గర లేదు. బ్లూ డైమండ్ సంగతికి రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఇంకో వైపు నుంచి వస్తాను. ఇంతకూ పాత సినిమాలు ఎందుకు అన్ని రోజులు ఆడాయి? ప్రింట్లు తక్కువ. పాతాళభైరవి 1951 మార్చిలో వచ్చినప్పుడు ఇప్పటిలా ప్రతి ఊళ్ళో ఒకే రోజు పడలేదు. పెద్ద ఊళ్ళలో ముందు, ఆ ప్రింట్లే అరిగాక చిన్న ఊళ్ళకు, చివరికి టూరింగ్ టాకీసు గుడారాలకు. చుట్టుపక్కల పాతిక ఊళ్ళవాళ్ళు బండి కట్టుకుని బెజవాడ వస్తే గానీ చూడలేరు. రెండు వందల రోజులంటే ఆ బండ్లన్నీ వచ్చి వెళ్ళడానికి పట్టిన కాలం. లవకుశ 1963లో వచ్చినప్పుడూ అంతే. పూర్తి రంగుల్లో తెలుగు సినిమా చూడటం అదే మొదలు కనుక, చూసినవాళ్ళే మళ్ళీ బండెక్కారు.

ఇప్పుడు డబ్బాల్లో ప్రింటు మోసుకెళ్ళే పనే లేదు. వేల తెరల మీద ఒకేసారి పడుతుంది. ఆ బండ్లన్నీ మొదటి మూడు రోజుల్లోనే వచ్చేస్తాయి. నాలుగో వారానికి సినిమా లేదంటే ఆడలేదని కాదు, అందరూ చూసేశారని.

రీలుపెట్టె

మరి కలకత్తా రాక్సీలో 1943లో పడ్డ కిస్మత్? 187 వారాలు. షోలే వచ్చి బద్దలు కొట్టేదాకా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. మహానగరంలో బండ్లు కట్టుకుని ఎవరొచ్చారు?

లెక్కల మాస్టారు

బండ్లు కాదు, యుద్ధం. ముడి ఫిల్ముకు రేషను. కొత్త సినిమాలు తగ్గాయి కనుక హాళ్ళకూ పాతదాన్ని ఎత్తేయాలన్న తొందర తగ్గింది. దానికి తోడు అందులో ఒక పాట ఉంది. పైకి జర్మనీ, జపానులను దూరంగా పొమ్మంటుంది, వినేవాళ్ళకు మాత్రం తెల్లదొరలను పొమ్మన్నట్టే వినిపించింది. జనం ఆ ఒక్క పాట కోసమే మళ్ళీ మళ్ళీ టికెట్టు కొన్నారట. సినిమా బాగుండటం ఒక్కటే చాలదు, కాలం కూడా హాలు అద్దె కట్టాలి.

బెజవాడ బెంచీ

మాస్టారు బుకింగులో కూర్చోవలసినవారు, బడికి వెళ్ళి చెడిపోయారు.

మా ఊరి గొప్ప కూడా ఒకటి చెప్పనివ్వండి. బెజవాడలో మారుతి హాలు 1921లో వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో మొదటి శాశ్వత సినిమా హాలు అదే. అంతకుముందే బందరు మనిషి రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ కట్టాడు. ఆ రోజుల్లో మూకీ బొమ్మ పక్కన నిలబడి కథ చెప్పడానికి ఒక మనిషి ఉండేవాడు. సినిమా ఎన్ని రోజులు ఆడాలో ఆ మనిషి గొంతు కూడా నిర్ణయించేది.

రీలుపెట్టె

సరే, ఇలా చేద్దాం. నా దగ్గరున్న పట్టికలో ‘రోజులు’ అన్న గడి కొట్టేస్తున్నాను. దాని బదులు నాలుగు గడులు: అన్ని ఆటలు ఎన్ని వారాలు, ఒక్క ఆట ఎన్ని వారాలు, షిఫ్టుందా లేదా, షేరా అద్దెనా. షోలే మొదటి గడిలో పైన ఉంటుంది, డీడీఎల్‌జే రెండో గడిలో. ముప్పై ఏళ్ళను నేను తీసేయడం లేదు, గడి మారుస్తున్నాను. నాలుగో గడి చాలా సినిమాలకు ఖాళీగా ఉండబోతోంది, బెంచీ గారు నోరు విప్పితే తప్ప.

కుర్రాడు గారూ, మీరు దగ్గరలోనే ఉన్నారు కదా, ఒక ఆదివారం వెళ్ళి హాల్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి చెబుతారా?

కామాఠీపుర కుర్రాడు

వెళ్ళివచ్చాను. పేర్లు పడుతున్నప్పుడు ఒకసారి లెక్కపెట్టాను. విశ్రాంతికి ముందే సంచీలున్న కుటుంబం ఒకటి బస్సు వేళైందని లేచి వెళ్ళింది. రెండో సగంలో ఇంకెవరో ఐదుగురు తడబడుతూ వచ్చి కూర్చున్నారు. చివర్లో మళ్ళీ లెక్కపెడదామనుకున్నాను, రైలు దృశ్యం వచ్చేసింది, మరిచిపోయాను. మాస్టారూ, ఇప్పుడు ఏ అంకె రాయమంటారు?

బెజవాడ బెంచీ

మాస్టారిని ఎందుకు అడుగుతారు? బుకింగు కిటికీ దగ్గరకు వెళ్ళి ఎన్ని టికెట్లు తెగాయో అడగండి. చెప్పరు. అయినా అడగండి.