హెర్బల్ టీ వాసన వచ్చే సెంటుని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
ఒక ఆన్‌లైన్ అంగడికి తెలుగు వివరణలు రాస్తుంటాను. ఈసారి వచ్చింది ఒక సెంటు. కామొమైల్ అనే చిన్న పూలతో చేసే టీ లాంటి వాసన, ఆడా మగా ఎవరైనా వాడొచ్చు (యూనిసెక్స్), హంగులేవీ లేవు (మినిమలిస్ట్). నిఘంటువు ముందేసుకుని నేను రాసింది ఇది: ‘మూలికా తేనీటి ప్రేరిత నిరాడంబర ద్విలింగ పరిమళం’. చదివితే నాకే నవ్వొచ్చింది. మనుషులు మాట్లాడే భాషలో ఎలా చెప్పాలో పెద్దలు చెప్పండి. ‘కషాయం’ అనొచ్చా?

హైదరాబాద్ సభ్యుడు:
ద్విలింగ అనగానే బోటనీ క్లాసు, మందారపువ్వు నిలువుకోత బొమ్మ గుర్తొచ్చాయండీ. ముందు అది తీసేయండి. ఇక ‘ప్రేరిత’ అన్న మాట విని సీసా కొన్నవాళ్లని నేనైతే చూడలేదు.

తెనాలి సభ్యురాలు:
కషాయం వద్దు బాబూ. షడ్రుచుల్లో కషాయమంటే వగరు. ఆ లెక్కన టీకి సరిగ్గా సరిపోయే మాటే. కానీ మన ఇళ్లలో కషాయమంటే శొంఠి, మిరియాలు, జలుబు, ముక్కు మూసుకుని మింగడం. కరోనా రోజుల్లో తాగి తాగి ఆ పేరు వింటేనే పారిపోయేలా ఉన్నారు జనం. దాన్ని ఒంటికి పూసుకోమంటే ఎవరు కొంటారు?

ఆయుర్వేద విద్యార్థి:
చిన్న సవరణ అమ్మా. మా పాఠాల్లో కషాయమంటే మరిగించింది ఒక్కటే కాదు. స్వరసం (పిండిన రసం), కల్కం (నూరిన ముద్ద), క్వాథం, హిమం, ఫాంటం అని అయిదు రకాలు. నాలుగో వంతో ఎనిమిదో వంతో మిగిలేదాకా మరిగిస్తే క్వాథం. చన్నీళ్లలో రాత్రంతా నానబెడితే హిమం. వేడినీళ్లు పోసి, కాసేపు ఉంచి, వడకడితే ఫాంటం. హెర్బల్ టీ అంటున్నది ముమ్మూర్తులా ఈ ఫాంటాన్నే.

అడిగినవారు:
మాట బాగుంది. కానీ సెంటు సీసా మీద ‘ఫాంటం’ అని రాస్తే నారింజ కూల్‌డ్రింక్ అనుకుంటారు!

తెనాలి సభ్యురాలు:
అసలు ఆ సీసాలో ఏముందో చూస్తే మాట అదే దొరుకుతుంది. టీ సెంట్లన్నిటికీ పెద్దక్క లాంటిది బుల్గారి కంపెనీ గ్రీన్ టీ సెంటు. 1990ల మొదట్లో ఝాన్-క్లోడ్ ఎలెనా అనే సెంట్ల తయారీ నిపుణుడు చేశాడు. అందులోని టీ వాసన టీ ఆకు నుంచి తీసింది కాదు. హెడియోన్, అయోనోన్ లాంటి వాసన పదార్థాలు కలిపి టీ అనిపించాడు. హెడియోన్‌ది మల్లె జాడ, అయోనోన్‌ది వయొలెట్ పువ్వు జాడ. 1994లో వచ్చిన సీకే వన్ అనే సెంటుని ఆడా మగా అందరికీ అని అమ్మారు. అందులోనూ గ్రీన్ టీ ఛాయ ఉంది. మీరు చెప్పే కామొమైల్‌కి దగ్గర ఉదాహరణ గూచీ కంపెనీ 2019లో తెచ్చిన ‘మెమ్వార్ దూన్ ఓదర్’ సెంటు. రోమన్ కామొమైల్‌తో పాటు ‘ఇండియన్ కోరల్ జాస్మిన్’ అని రాసుకున్నారు. అంటే మన పారిజాతమే! ఆ ఒక్క ముక్క తెలుగులో రాస్తే సగం పని అయిపోతుంది.

ఇంకో సంగతి. కామొమైల్‌ని ఉత్త ‘చామంతి’ అని రాయకండి. కుటుంబం ఒకటే అయినా మనం జడలో పెట్టుకునే చామంతి వేరు, దాని వాసన వేరు. కామొమైల్ అన్న పేరు గ్రీకులో ‘నేల ఆపిల్’ నుంచి వచ్చింది. వాసన కూడా అలాగే, కొంచెం ఆపిల్, కొంచెం ఎండుగడ్డి. మన ముక్కుకి తెలిసిన చుట్టం కావాలంటే దవనం, మాచిపత్రి ఉన్నాయి. అవీ అదే కుటుంబం. దవనం నూనెని సెంట్ల తయారీలో వాడతారు కూడా. వినాయక చవితి పొద్దున పత్రి బుట్ట విప్పితే వచ్చేది పూల వాసన కాదు కదా, ఆకు వాసన. కదంబం మాలలో మరువం, దవనం ఎందుకు కలుపుతారో తెలిసిన పాఠకులకి ‘ఆకు వాసన’ అంటే చాలు. సౌరభాలూ సుగంధాలూ అక్కర్లేదు.

హైదరాబాద్ సభ్యుడు:
‘ఆకు వాసన’ అంటే పచ్చి వాసన అనుకోరా? కూర ఉడకలేదన్నట్టు ఉంటుంది. ‘ఎండిన ఆకుల వాసన’ అనండి, గొడవ ఉండదు.

తెనాలి సభ్యురాలు:
ఒప్పుకుంటున్నాను, ‘ఎండిన’ కలిపితేనే బాగుంది.

రిటైరైన తెలుగు మాస్టారు:
మినిమలిస్ట్‌కి ‘నిరాడంబర’ అని ఎందుకు? అది మనిషి గుణం. వాసనకి మనకి ‘సన్నని’ ఉంది, ‘లేత’ ఉంది, ‘ఘాటు లేని’ ఉంది. ‘తావి’ కూడా మంచి మాటే కానీ ఇప్పుడు ‘బంగారానికి తావి అబ్బినట్టు’ అనే సామెతలోనే బతుకుతోంది. సరుకు అమ్మడానికి పనికిరాదు.

యూనిసెక్స్‌కి మాట వెతకడమే దండగ. తెలుగులో ‘వాళ్లు వచ్చారు’ అంటే ఆడవాళ్లా మగవాళ్లా అని క్రియ చెప్పదు. పెళ్లిలో పన్నీరు బుడ్డి పట్టుకున్నవాళ్లు వచ్చినవాళ్లందరి మీదా చల్లుతారు, ఇది మగ పన్నీరా ఆడ పన్నీరా అని ఎవరూ అడగరు. వాసనలకి లింగం అంటగట్టింది ఈ కాలపు వ్యాపారం. ‘ఇంట్లో ఎవరైనా వాడుకోవచ్చు’ అని రాయండి.

అడిగినవారు:
అందరికీ దండాలు. ఇలా మార్చాను: ‘వేడినీళ్లలో ఎండిన ఆకులూ పూలూ వేసినప్పుడు వచ్చే సన్నని వాసన. ఘాటు ఉండదు. ఇంట్లో ఎవరైనా పూసుకోవచ్చు.’ పంపేయనా?

హైదరాబాద్ సభ్యుడు:
అత్తరైతే పూసుకుంటాం. ఇది స్ప్రే సీసా కదా, మా వైపు సెంటు ‘కొట్టుకుంటాం’.

రిటైరైన తెలుగు మాస్టారు:
మా వైపూ అంతే. కానీ అచ్చులో చూస్తే ఎవర్నో కొట్టినట్టుంటుంది. ‘చల్లుకోవచ్చు’ అని రాసి పంపించెయ్యి నాయనా.