థిన్ సెక్షన్‌లో (మైక్రోస్కోప్ కింద చూసే పలుచని రాతి, మట్టి స్లైడ్‌లో) రేణువులు చుట్టు తిరిగి కనిపిస్తే అది హిమానీనదం పనేనా?

కొండపల్లి_రాయి (విజయవాడ):
డచ్ శాస్త్రవేత్త యాప్ వాన్ డెర్ మీర్ 1993 వ్యాసంలోని వాదన ఇది: హిమానీనదం కింద మట్టి ఊరికే పేరుకోదు, నలిగి, దొర్లి, మంచుతో పాటు కదులుతుంది. ఆ గుర్తులు 0.03 మిల్లీమీటర్ల మందం స్లైడ్‌లో దొరుకుతాయి. చిన్న గులక చుట్టూ ఇసుక రేణువులు వలయంగా సర్దుకుంటాయి. కాంతిని ఒకే దిశకు వడకట్టే పోలరైజర్ల మధ్య స్లైడ్ తిప్పితే ఒకే దిశకు ఒరిగిన బంకమట్టి చారలు ఒక్కసారిగా వెలుగుతాయి. ఇంకేం సాక్ష్యం కావాలి? మన గోదావరి లోయలోని తాల్చీర్ రాళ్లకూ (ఒడిశా తాల్చేరు పేరుతో పిలిచే, మంచు పేర్చిందనే పాత రాతి పొరలకూ) ఈ పరీక్ష పెట్టాలి.

రేగడి_గుంటూరు:
చాలదండీ. మా నల్లరేగడి చూడండి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ ఒత్తిడికి లోపల మట్టి జారి, గడ్డ విరిస్తే నూనె రాసినట్టు మెరిసే ముఖాలు బయటపడతాయి. స్లైడ్ చేస్తే రేణువుల చుట్టూ అవే బంక వరుసలు. అసలు ఈ చారలను వర్గీకరించే పద్ధతే నేలల శాస్త్రం నుంచి తెచ్చుకున్నది. గుంటూరు మీద హిమానీనదం ఎప్పుడు పాకిందో చెప్పండి మరి!

కొండపల్లి_రాయి:
బాగుంది రేగడి గారూ, కానీ మీ రేగడి క్వార్ట్జ్ రేణువును పిండి చేస్తుందా? మంచు కింది మట్టిలో రేణువు ఉన్నచోటే పగిలి, ముక్కలు పక్కపక్కనే ఉంటాయి. ఒక్క గుర్తు కాదు, అన్నీ కలిపి చూడాలి.

బందరు_కాలువ:
అన్నా, బురద ప్రవాహాల మాటేంటి? అలాస్కాలో మాటానుస్కా హిమానీనదం దగ్గర పోల్చి చూస్తే, జారిపడ్డ బురదలోనూ మంచు కింది మట్టిలోనూ చాలా గుర్తులు ఉమ్మడిగానే ఉన్నాయి. శాంపిల్ తీయడం ఇంకో తలనొప్పి. తడి మట్టిలోకి డబ్బాను బాది దించితే అంచుల్లో మెలికలు మనమే పుట్టిస్తాం. గబగబా ఆరబెడితే పగుళ్లు. అందుకే నీటి బదులు అసిటోన్ ఎక్కించి, ఆ తర్వాత రెజిన్ పోసి, తీరిగ్గా గట్టిపడనిస్తారు. డబ్బా మీద ఉత్తరం గుర్తు పెట్టడం మర్చిపోతే మంచు ఎటు తోసిందో చెప్పలేం. ఇక తాల్చీర్ దాదాపు 30 కోట్ల ఏళ్ల నాటిది. పైన పేరుకున్న పొరల బరువుకే బంక అడ్డంగా పడుకుంటుంది.

రేగడి_గుంటూరు:
అదే నేననేది. 1856లో ఒడిశా తాల్చేరులో భూగర్భ శాస్త్రవేత్తలైన బ్లాన్‌ఫర్డ్ సోదరులు మంచు పని అన్నది సన్నని బురదరాయిలో ఇరుక్కున్న పెద్ద బండలు చూసి. స్లైడ్ చూసి కాదు.

కొండపల్లి_రాయి:
బండలు మంచు వచ్చిందని చెబుతాయి, సరే. కింద మట్టి కూడా కదిలిందా, ఎంత లోతు వరకు? అది బండ చెప్పదు కదండీ.

రేగడి_గుంటూరు:
ఒక్క స్లైడూ చెప్పదు. అడుగు నుంచి పైదాకా వరుసగా తీయించండి. పైకి వెళ్లేకొద్దీ నలుగుడు పెరిగితే అప్పుడు ఒప్పుకుంటా.