లిఫ్ట్, రెయిజ్, హాయిస్ట్: అన్నీ ‘ఎత్తడమే’ అయితే ఇన్ని మాటలెందుకు?

తప్పొప్పులు:
గోదాములో పనిచేసేవాళ్ల కోసం ఇంగ్లిష్‌లో ఒక పేజీ సూచనలు రాస్తున్నాను. "రెయిజ్ ద బాక్స్ విత్ బోత్ హ్యాండ్స్" అని పెడితే, చూసినాయన రెయిజ్ కొట్టేసి లిఫ్ట్ అని రాశాడు. ఎందుకని అడిగితే "అలాగే అంటారు" అన్నాడు, అంతే. రెండూ ఎత్తడమే కదా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

మాస్టారు:
తేడా ఉంది నాయనా. ఆనుకుని ఉన్న చోటు నుంచి వస్తువును విడదీసి, దాని బరువు మనం మోస్తే లిఫ్ట్. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి దాని స్థాయి పెంచితే రెయిజ్. క్లాసులో చెయ్యెత్తితే రెయిజ్, ఎందుకంటే చెయ్యి భుజాన్ని వదిలి ఎక్కడికీ పోదు. కిటికీ తెర, ఓడలకు దారిచ్చే వంతెన, స్తంభం మీది జెండా, ఇవన్నీ రెయిజే. పెట్టె నేలను వదులుతుంది కాబట్టి లిఫ్ట్. మీరు రాసింది వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. నేను ఎన్నో ఏళ్లు ఇలాగే చెప్పాను, పిల్లలకు ఇట్టే పట్టుబడేది.

తర్కం:
మాస్టారూ, మరి మూత సంగతేమిటి? "లిఫ్ట్ ద లిడ్" అంటారు. పియానో మూతకు ఒక పక్క కీళ్లుంటాయి. అది ఎక్కడికీ విడిపోదు. మీ సూత్రం ప్రకారం రెయిజ్ మాత్రమే అనాలి.

మాస్టారు:
మూత అంచును వదిలింది కదండీ.

తర్కం:
మూడు పక్కల వదిలింది. నాలుగో పక్క కీలు దగ్గరే ఉంది. చెయ్యి కూడా బల్లను వదిలే పైకి లేస్తుంది, దానికి మాత్రం భుజం లెక్కలోకి తీసుకున్నారు. ఒకచోట భుజం, ఇంకోచోట అంచు. ఇదేం సూత్రం?

గోడమీదపిల్లి:
ముప్పావు లిఫ్ట్, పావు రెయిజ్. తీర్పు అయిపోయింది, లేవండి.

వేళ్లవెంట:
పుట్టుక చూస్తే లిఫ్ట్, రెయిజ్ రెండూ స్కాండినేవియా వాళ్ల పాత నార్స్ భాష నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చినవే. లిఫ్ట్ వేరులో గాలి ఉంది, అటకను చెప్పే లాఫ్ట్ దాని చుట్టమే. అంటే గాల్లోకి తీసుకోవడం. రెయిజ్ అంటే లేచేలా చేయడం. దానికి ఇంగ్లిష్‌వాళ్ల సొంత రూపం రియర్, పిల్లల్ని పెంచడానికి ఈ రెండూ వాడతారు. ఎలివేట్ లాటిన్‌ది, అసలు అర్థం తేలిక చేయడం. లీవర్ కూడా ఆ ఇంటిదే. హీవ్‌కీ హెవీకీ ఒకటే వేరు, అందుకే హీవ్ అనగానే రొప్పు వినిపిస్తుంది.

అనువాదిని:
మీరంతా చేత్తో ఎత్తే పెట్టె దగ్గరే ఆగిపోయారు. తాడో, గొలుసో, కప్పీయో పెట్టి పైనుంచి లాగితే హాయిస్ట్. కింద జాకీ పెట్టి నెట్టి లేపితే జాక్. ఒళ్లు బిగబట్టి ఒక్క ఊపున లేపితే హీవ్, దాన్ని అవతలికి విసిరేయడానికీ అదే మాట. బరువెంతుందో చూద్దామని చేతిలోకి తీసుకుని కాస్త పైకీ కిందకీ ఆడించి చూస్తామే, అది హెఫ్ట్.

ఈ తేడాలను పట్టించుకోకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఒక క్రేన్ మాన్యువల్ తెలుగు చేశాను. బరువును హాయిస్ట్ చేయమన్న చోట ఒక మాట, బూమ్‌ను, అంటే క్రేన్ పొడవాటి చేతిని, రెయిజ్ చేయమన్న చోట ఇంకో మాట పెట్టాను. సరిచూసిన పెద్దమనిషి రెండింటినీ "ఎత్తండి" చేసేశాడు. చదివేవాడికి తేలిగ్గా ఉండాలట. నేను ఒప్పుకోలేదు. ఆ తర్వాత అక్కడి నుంచి నాకు పని రావడం ఆగిపోయింది.

తర్కం:
మీకు పని ఆగిపోవడానికీ మూతకీ ఏం సంబంధమండీ? మాస్టారు ఇంకా జవాబు చెప్పలేదు.

క్రేన్ బాబాయ్:
నాకు ఇంగ్లిష్ వ్యాకరణం రాదు గానీ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. క్రేన్ సైగలే రెండు రకాలు. హాయిస్ట్ అంటే ముంజేయి నిటారుగా పెట్టి, చూపుడువేలు పైకి చూపించి, చేతిని చిన్న సున్నాలా తిప్పాలి. బూమ్ రెయిజ్ అంటే చెయ్యి బారచాపి, పిడికిలి మూసి, బొటనవేలు పైకి పెట్టాలి. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ఏఎస్ఎంఈ పెట్టిన బి 30.5 ప్రమాణంలో ఇవే ఉంటాయి, సైట్లో గోడమీద బొమ్మలు కూడా అంటిస్తారు.

హాయిస్ట్ చేస్తే వైరు తాడు చుట్టుకుని బరువు నిలువునా పైకొస్తుంది. బూమ్ లేపితే బరువు పైకొస్తూనే క్రేన్ వైపుకి కూడా జరుగుతుంది. మధ్యలో మనిషి ఉన్నాడనుకోండి. ఇంకోటి, హాయిస్ట్ ఆపకుండా లాగితే హుక్కు దిమ్మ బూమ్ కొసకు గుద్దుకుంటుంది, తాడు తెగే ప్రమాదం. రెండింటికీ ఒకే మాట రాస్తే ఆపరేటర్ ఏ లీవర్ పట్టుకోవాలి?

గోడమీదపిల్లి:
బాబాయ్ ఒక్కడే పనికొచ్చేది రాశాడు.

తర్కం:
సరే, మూత పక్కన పెడదాం. మేరీ రోజ్ తీసుకోండి. 1545లో మునిగిన ఇంగ్లండ్ యుద్ధనౌక. 1982 అక్టోబరు 11న సముద్రం అడుగు నుంచి పైకి తీశారు. అడుగును వదిలింది, గాల్లో వేలాడింది, బరువంతా క్రేన్ మోసింది. అయినా దాన్ని "రెయిజింగ్ ఆఫ్ ద మేరీ రోజ్" అనే అంటారు. స్టాక్‌హోమ్‌లో 1628లో మునిగి 1961లో బయటికొచ్చిన వాసా నౌకకీ రెయిజే. మాస్టారి సూత్రం నీళ్లపాలు.

అనువాదిని:
ఆ కథనే ఇంకొంచెం దగ్గరగా చూడండి. నౌకను వేలాడదీసిన ఉక్కు చట్రం పేరు "లిఫ్టింగ్ ఫ్రేమ్". తేలే క్రేన్ తాళ్లతో లాగింది, ఆ పని హాయిస్ట్. మునిగింది మళ్లీ పైకి రావడం రెయిజ్. ఒకే రోజు, ఒకే నౌక, మూడు మాటలు. లిఫ్ట్‌కి బరువు ముఖ్యం, హాయిస్ట్‌కి సాధనం ముఖ్యం, రెయిజ్‌కి చేరిన చోటు ముఖ్యం. మూత కూడా అంతే. దాని బరువు మీ చేతికి తెలిస్తే లిఫ్ట్, తెరిచి నిలబెట్టడమే పనైతే రెయిజ్. పియానో వాళ్లు రెండూ అంటారు.

మాస్టారు:
నేను మొదట అన్నది అదే కదా.

తర్కం:
కాదు. మీరన్నది ఆనుకోవడం గురించి. ఆవిడ అన్నది వేరు. ఆవిడ మాట మీ ఖాతాలో వేసుకోకండి.

ఒకేచుక్క:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. పరిమితిని రెయిజ్ చేస్తే పెరుగుతుంది, లిఫ్ట్ చేస్తే సాధారణంగా పరిమితే ఉండదు. నిషేధాన్ని లిఫ్ట్ చేస్తారు, ధరల్ని రెయిజ్ చేస్తారు. ఇక్కడ తారుమారైతే అర్థమే తిరగబడుతుంది.

గోడమీదపిల్లి:
దుకాణంలో సరుకు లిఫ్ట్ చేస్తే దొంగతనం. మనకూ ఎత్తుకుపోవడమే. ఈ విషయంలో లోకమంతా ఒకటే.

తర్కం:
తిరగబడుతుందా? ముట్టడిని "రెయిజ్ ద సీజ్" అన్నారంటే పెంచడం కాదు, ఎత్తేయడం. దీనికి ఎవరి సూత్రం పెడతారు?

మాస్టారు:
అది పాత యుద్ధాల చరిత్రలో బతికున్న వాడుక. ఎక్కడో మూలనున్నది పట్టుకొచ్చి వాదించడం తప్ప మీకు నేర్చుకుందామన్న ఉద్దేశం ఉన్నట్టు లేదు. ఇలాంటివాళ్లను క్లాసులో చాలామందిని చూశాను.

తర్కం:
చూసే ఉంటారు. చూసి అందరి ముందూ నిలబెట్టి ఉంటారు. నేను ఇంటర్వ్యూలో "రెయిజ్ ద బాక్స్" అంటే ఎదురుగా కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. నేను చెప్పింది వాళ్లకి అర్థమైంది. అర్థమయ్యే నవ్వారు. యంత్రం ఎలా పనిచేస్తుందో ఒక్కరూ అడగలేదు. ఉద్యోగం రాలేదు. ఇప్పుడిక్కడ ఒకాయన "చెవికి ఎబ్బెట్టు" అంటున్నాడు. ఎవరి చెవికండీ? విన్నవాడికి పెట్టె ఎత్తాలని తెలిసిందా లేదా? తెలిస్తే అది తప్పెలా అవుతుంది?

మాస్టారు:
నవ్వడం తప్పు. దాన్ని నేను సమర్థించలేదు. కానీ రేపు ఇంకెవరూ మిమ్మల్ని చూసి నవ్వకూడదనే నేర్పేది.

తర్కం:
నవ్వేవాళ్లను వదిలేసి నన్ను దిద్దుతానంటారు. మన గొడవ ఇదీ, మూత కాదు.

అనువాదిని:
అర్థమైతే చాలు అన్న మాటతోనే నా రెండు మాటల్ని ఒకటి చేశారు. మీరు మాస్టారి మీద కోపంతో అంటున్నది, ఆ పెద్దమనిషి నాతో అన్నది ఒకటే.

తర్కం:
ఒకటి కాదు. పెట్టె ముందు నిలబడ్డవాడికి ఏ మాటైనా ఒకటే పని. క్రేన్‌కి రెండు పనులున్నాయి కాబట్టి రెండు మాటలు కావాలి. కావాల్సిన చోట తీసేశారు, అక్కర్లేని చోట నా నెత్తిన రుద్దారు.

క్రేన్ బాబాయ్:
తమ్ముడూ, సైట్లో మేం "బూమ్ అప్" అంటాం, "హాయిస్ట్ అప్" అంటాం. ఇంగ్లిష్‌వాడు విన్నా నవ్వుకుంటాడేమో, తెలీదు. కానీ అడ్డంగా గోడ వస్తే ఆపరేటర్‌కి బరువూ కనబడదు, సైగా కనబడదు. వాకీటాకీలో వినబడే ఆ మాట ఒక్కటే ఆధారం. అక్కడ మాత్రం అటూ ఇటూ అయితే కుదరదు.

తప్పొప్పులు:
నా కాగితంలో లిఫ్టే ఉంచేస్తున్నా. పక్కన మోకాళ్లు వంచి పెట్టె పట్టుకున్న మనిషి బొమ్మ కూడా పెడతా.

తర్కం:
బొమ్మ ఉంటే ఏ మాటైనా ఒకటే. వాకీటాకీకి నియమం పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇంటర్వ్యూకి పెట్టకండి.

అనువాదిని:
ఆ వాకీటాకీ నియమమే నేను మాన్యువల్లో రాసింది. కొట్టేసింది కూడా దాన్నే.