అప్‌డేట్: పాత ప్రీమియర్ పద్మిని కారుకి కార్బ్యురేటర్ తీసేసి ఇంజెక్షన్ పెట్టించాలా అన్న ప్రశ్న తేలింది

పెట్రోల్ వాసన వస్తోంది, బెజవాడ ఎండలో ఆపితే మళ్లీ స్టార్ట్ కావట్లేదు, కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) తీసేసి ఇంజెక్షన్ (పెట్రోల్‌ని ఒత్తిడితో చిమ్మే ఏర్పాటు) పెట్టించాలా అని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఇంజెక్షన్ అక్కర్లేకపోయింది.

ఆటోనగర్ మేస్త్రీ విప్పి చూస్తే తప్పు పెట్రోల్ పైపుది. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి పాత రబ్బరు లోపల పొరలుగా ఊడి, ఆ ముక్కలు కార్బ్యురేటర్‌లోకి పెట్రోల్‌ని రానిచ్చే నీడిల్ వాల్వ్‌లో ఇరుక్కున్నాయి. వాల్వ్ పూర్తిగా మూసుకోక, పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ చాంబర్ పొంగుతోంది. "ఫిల్టర్ దాటాక ఉన్న పైపు చూడండి" అన్నవారి మాటే నిజమైంది. పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే ఎస్ఏఈ జే30 ఆర్9 రకానివి వేసి, నీడిల్, సీటు మార్చి, ఫ్లోట్ లెవెల్ (చాంబర్‌లో పెట్రోల్ మట్టం) సెట్ చేశారు. కాయిల్, ప్లగ్గులు, జెట్ (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం) సైజులకు దీంతో సంబంధమే లేదు. పైపు చూడకుండా ముందే వాటిని మార్చి ఉంటే దండగయ్యేది.

కార్బ్యురేటర్ ఉంచితేనే పాత కారుకి విలువ అంటూ ఫెరారీ 308తో పోల్చారు, విలువ విషయంలో ఆ పోలిక సరైనదే. వెబర్ కార్బ్యురేటర్లున్న యూరప్ మోడల్ 255 హార్స్‌పవర్. 1980లో బాష్ కె-జెట్రానిక్ అనే ఇంజెక్షన్ వచ్చాక 214కి పడింది. అందుకే తొలివాటికి గిరాకీ. అలాగని ఇంజెక్షన్ అంటేనే లోకువ కాదు, 1954 మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌కి డైరెక్ట్ ఇంజెక్షనే (పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మేది) వన్నె. కొనేవాళ్లు ముందు చూసేది ఫ్యాక్టరీలో బిగించిందే ఉందా అని. అందుకే ఇక్కడా పాత కార్బ్యురేటరే ఉంచాం.